లింబాద్రి ఇంటికి జమ్మి

లింబాద్రి ఇస్త్రీ చేసిన అంగీ మడత విప్పుతుంటే చప్పుడు వినబడేది. గంజి అంత దిట్టంగా పట్టించేవాడు. మస్కట్‌లో వాదీ కబీర్ అనే పేటలో, స్కూలు బస్సులు మలుపు తిరిగే చోట, టైర్ల షాపుకీ మలయాళీ కెఫెటీరియాకీ నడుమ ఉండేది ఆ లాండ్రీ. దాని యజమానిని, అక్కడి యజమానులందరినీ అన్నట్టే, అర్బాబ్ అనేవాళ్లు. ఆయన ఎప్పుడో ఒకసారి వచ్చి, కారు దిగకుండానే హారన్ కొట్టి, తన తెల్లటి పొడుగు అంగీలు తీసుకుని వెళ్లిపోయేవాడు. మిగతా రోజులన్నీ దుకాణం లింబాద్రిదే. ముందు గదిలో బల్ల, ఇస్త్రీపెట్టె, తీగల మీద వేలాడే బట్టలు. వెనక గదిలో వాషింగ్ మిషన్, గంజి డబ్బాలు, ఒక స్టవ్వు, ఒక పరుపు. అదే ఆయన కాపురం.

సొంతూరు నిజామాబాద్ జిల్లాలో భీంగల్ దగ్గర. గుట్ట మీది దేవుడి పేరే తల్లి పెట్టింది. పుట్టింది చాకలి ఇంట్లో. మీసాలు రాకముందే బాగోతంలో ఆడవేషం కట్టాడు. తెర పక్కకు జరిపి లింబాద్రి నడిచి వస్తుంటే చుట్టుపక్కల నాలుగూళ్ల జనం ఈలలు వేసేవాళ్లు. తెల్లవారి బట్టల మూట ఎత్తుకుని వీధిలో పోతుంటే అదే నడక చూసి అదే జనం నవ్వేవాళ్లు. "రాత్రి మెచ్చిన నడకనే పొద్దుగాల ఎక్కిరిస్తే ఎట్ల? ఏదో ఒకటి ఖాయం చేసుకోండ్రి" అని ఒకసారి గుడిసె ముందు చుట్టలు తాగుతున్న పెద్దమనుషులనే నిలదీశాడట. వాళ్లు ఖాయం చేసుకోలేదు గానీ ఆయనకు పెళ్లి ఖాయం చేశారు. ఆ పిల్లతో ఒక కప్పు కింద చెల్లెలితో ఉన్నట్టే ఉన్నాడు. ఆమె రాత్రిళ్లు గోడకు తిరిగి ఏడుస్తుంటే విని, తనే పెద్దమనుషులను కూర్చోబెట్టి, "తప్పు నాది, పిల్లది గాదు" అని అందరిలో చెప్పి పెళ్లి తెంపులు చేయించాడు. ఆమెకు ఇంకో ఇల్లు కుదిరేదాకా ఊళ్లోనే ఉన్నాడు. ఆ పెళ్లికి బట్టలు ఉతికి, పందిట్లో పరిచిందీ ఆయనే. ఆ తర్వాతే గల్ఫుకు వచ్చాడు. అది ఎనభై ఎనిమిది.

మస్కట్‌లో దుకాణాలు మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి నాలుగింటికి తెరుస్తారు. శుక్రవారం జుమ్మా నమాజు కోసం ఇంకా ముందే మూస్తారు. ఎండ నెత్తిన నిలబడి వీధిలో పిల్లి కూడా కదలని ఆ వేళ, లింబాద్రి దుకాణానికి షటర్ పడగానే లోపల రాత్రి మొదలయ్యేది. పెద్ద పెద్ద నగరాల్లో తమలాంటివాళ్లు చీకటి పడ్డాక దీపాల కింద కలుసుకుని ఆడిపాడుతారని ఎవరో చెప్పగా లింబాద్రీ ఆయన దోస్తులూ విన్నారు. ఇక్కడ చీకటి పడితే డ్యూటీలు, క్యాంపు గేట్లు, పోలీసు బండ్లు. అందుకని పట్టపగలే తమ రాత్రి చేసుకున్నారు.

హైదరాబాదు తబ్రేజ్ మసీదు నుంచి టోపీ తీయకుండానే వచ్చేవాడు. లేడీస్ టైలరు. సగం దించిన షటర్ కింద తబ్రేజ్‌గా వంగి, లోపల సుగ్రా బేగంగా లేచి నిలబడేవాడు. ఆ పేరు తనే పెట్టుకున్నాడు. రాజోలు వైపు నుంచి వచ్చిన ఇస్రాయేలు స్కూలు బస్సు డ్రైవరు. లింబాద్రి ఆయన్ని అయ్యగారూ అనేవాడు. పొద్దున చర్చి చూసుకుని, బైబిలు సంచిలో దాచి, ఖాళీ గంజి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ డబ్బా మీద ఆయన వేళ్లు పడితే కాళ్లు ఉన్నవాడెవడూ కదలకుండా ఉండలేడు. ఇంకా ఒక మలయాళీ కాంపౌండరు, ఒక సింధీ సేల్స్‌మన్, కొన్నాళ్లు ఒక శ్రీలంక వంటవాడు. వచ్చినవాణ్ణి ఊరూ కంపెనీ అడగకూడదు. వెళ్లేటప్పుడు అందరూ ఒక్కసారి బయటికి పోకూడదు. గిరాకీల బట్టలు ఎవరూ ఒంటి మీద వేసుకోకూడదు. ఈ మూడో కట్టుబాటు దగ్గర లింబాద్రి మహా గట్టి. ఇల్లు ఖాళీ చేసి దేశం వెళ్లిపోయినవాళ్లు మరిచిపోయిన చీరలు, అవీ ఏడాది దాటినవి మాత్రమే, వెనక గదిలో మేకుకు ఉండేవి.

"సుగ్రమ్మా, గా కుచ్చిళ్లేంది, క్యాంపుల పరదా కట్టినట్టు?" అనేవాడు లింబాద్రి.

"తూ కైకూ జల్తా రే, నీకేంది మంట. పరదా అయితేంది, ఎనుక నేనున్న గద."

"అదేనండి భయం," అనేవాడు ఇస్రాయేలు డబ్బా వాయించడం ఆపకుండా.

ఈ సందడిలో ఒక మూల నిశ్శబ్దంగా కూర్చునేవాడు రఘుపతి. సెంట్రింగ్ కార్పెంటరు. మస్కట్‌కు దూరంగా రుస్తాఖ్‌లో కంపెనీ సైటు. గురువారం సాయంత్రం కంపెనీ పికప్‌లో మస్కట్ వచ్చి, శుక్రవారం పొద్దుగూకే వేళకు తిరిగి పోయేవాడు. ఆడేవాడు కాదు, పాడేవాడు కాదు. ఆరిన బట్టలు దగ్గరకు లాక్కుని, అంచుకు అంచు కలిపి మడతలు పెడుతూ కూర్చునేవాడు. లింబాద్రి ఆడుతుంటే మాత్రం ఆ చేతులు ఆగిపోయేవి.

వాళ్లిద్దరూ కలిసింది షటర్ వెనక కాదు. నలుగురిలో, పట్టపగలు, జమ్మి చెట్టు కింద.

అల్ మవాలే దాటాక ఎడారి మైదానంలో జమ్మి చెట్లు ఉంటాయి. అరబ్బులు గాఫ్ అంటారు, ఒంటెలకు మేపుతారు. తెలంగాణ కూలీలకు అది జమ్మే. దసరా వచ్చిన వారంలో శుక్రవారం నాడు, రెండు మూడు కంపెనీల మనుషులు పికప్‌లలో అక్కడికి పోయి, చెట్టుకు పూజ చేసి, ఆకు తెంపి, 'బంగారం' అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుని వస్తారు. లింబాద్రి వచ్చిన మొదటి ఏడు రఘుపతి ఆయన చేతిలో ఆకు పెట్టాడు. రొమ్ముకు రొమ్ము ఆనించి అటొకసారి ఇటొకసారి కౌగిలించుకుని విడవడం పద్ధతి. ఇద్దరూ విడవడం మరిచిపోయారు. పక్కనున్నవాడు "ఏందిరా, మీదొక్క ఊరా?" అని నవ్వితేగాని చేతులు ఊడలేదు. ఒక్క ఊరు కాదు, పక్క పక్క ఊళ్లు. ఆ తర్వాత ప్రతి దసరాకూ అదే చెట్టు కింద అందరి ముందూ అంతసేపూ కౌగిలించుకున్నారు. చూసేవాళ్లకు అది పండుగ. వాళ్లిద్దరికి ఏం పండుగో వాళ్లకే తెలుసు.

తొంభై అయిదు ఎండాకాలంలో, ఒక శనివారం మధ్యాహ్నం, షటర్ దించబోతుండగా సురేందర్ వచ్చాడు. భీంగల్ వైపువాడే, రఘుపతి కంపెనీలో క్యాంపు చూసుకునేవాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో ఒక ప్యాంటు, నీలిగీతల అంగీ.

"అర్జెంటు ఇస్త్రీ. నిలబడి తీస్కపోత," అన్నాడు.

ఆ అంగీ లింబాద్రి నిన్ననే మడత పెట్టి ఇచ్చినది.

"ఇది రఘుపతిది గద. వాడే రాలేకపోయిండా?"

"రఘుపతి లేడు. పొద్దుగాల సైట్ల గుండెల నొప్పన్నడట. దవఖాన్లకు తెచ్చేలోగానే అయిపోయింది. బాడీకి తొడగాలె, పెట్టెల పెట్టి పంపుతున్నరు."

లింబాద్రి ఇస్త్రీపెట్టె పెట్టాడు. కాలర్ చేశాడు, చేతులు చేశాడు, గుండీల పట్టీ చేశాడు. సురేందర్ కెఫెటీరియా నుంచి చాయ తెచ్చుకుని తాగుతూ అక్కడే నిలబడ్డాడు. అంగీ ఇచ్చేటప్పుడు లింబాద్రి ఒకే మాట అడిగాడు: "నేను జూడొచ్చునా?" "నువ్వెందుకు? భీమన్న ఉన్నడు గద, పాలోడు," అన్నాడు సురేందర్.

భీమన్న రఘుపతి పెదనాన్న కొడుకు. తాపీ మేస్త్రీ. వాదీ కబీర్ క్యాంపులోనే రూమ్. జిల్లావాళ్లందరికీ పెద్దదిక్కు. పలకరింపులన్నీ ఆయన రూమ్‌కే పోయాయి. జనం చాపల మీద కూర్చుని, తల వంచుకుని, ఏం తిన్నాడు ఏమన్నాడు అని అడిగి, భీమన్న భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు. లింబాద్రి కూడా పోయి ఒక మూల కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పక్కన కూర్చున్నవాడు నెమ్మదిగా, "నా ప్యాంట్లు అయినయా లింబన్నా?" అన్నాడు.

వాళ్ల ఊళ్ల వైపు ఒక ఆచారం ఉంది. ఆ ఏడు చావు జరిగిన ఇంటివాళ్లు దసరాకు జమ్మి దగ్గరికి పోరు. జమ్మే వాళ్ల ఇంటికి వస్తుంది. ఊరి జనం ఆకు తెంపుకుని చెట్టు నుంచి నేరుగా ఆ ఇంటికి పోయి, పోయినవాడి పేరు చెప్పి, ఇంటివాళ్ల చేతిలో పెట్టి, కౌగిలించుకుని, కాసేపు కూర్చుని వస్తారు. ఆ ఇల్లు మళ్లీ మనుషుల్లో కలిసేది అప్పుడే.

దసరా పది రోజులుందనగా, చెట్టు దగ్గరికి పికప్‌లో ఎవరెవరు వస్తారో అడగడానికి సురేందర్ లాండ్రీకి వచ్చాడు. అప్పుడు దుకాణంలో నలుగురైదుగురు బట్టలకోసం నిలబడి ఉన్నారు.

"ఈ ఏడు నేను రాను," అన్నాడు లింబాద్రి. "మా ఇంట్ల సావైంది."

"మీ అవ్వ పోయిందా? ఎప్పుడు?"

"అవ్వ మంచిగనే ఉన్నది. రఘుపతి పోయిండు."

సురేందర్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు.

"గట్లనా. మరి గాజులు పలగ్గొట్టుకున్నవా లింబక్కా? బొట్టు ఎవరు తీసిన్రు?"

"నేను గాజులు ఏసుకోలే, పలగ్గొట్టడానికి. బాగోతంల ఏసుకున్ననాడు మీ నాయినే ముందట కూసొని ఈల కొట్టిండు. నేను వాని పెండ్లాన్ని గాదు సురేందర్. వాడు నా ఇంటోడు, నేను వాని ఇంటోణ్ణి. మా ఇంటికి జమ్మి రావాలె. వచ్చేటోడు వస్తడు, రానోడు రాడు. చెట్టుకాడ అందరికి చెప్పు."

"చెప్త. అర్బాబ్‌కు గూడ చెప్త. పోలీసోళ్లకు గూడ."

"చెప్పు. వాళ్లు పంపిస్తే పోత. పోయేదాక ఇది నా ఇల్లు."

ఆ మాట సాయంత్రానికే క్యాంపులన్నీ చుట్టింది. మరుసటి శుక్రవారం షటర్ వెనక డబ్బా మోగలేదు. కాంపౌండరు రాలేదు, సింధీ రాలేదు. తబ్రేజ్, ఇస్రాయేలు వచ్చారు. వచ్చినా గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"నక్కో మియా," అన్నాడు తబ్రేజ్. "జమ్మి గిమ్మి అంతా లోపల్నే జేస్కుందాం. షటర్ గిరాదో. నేను పెడ్త, ఇస్రాయేల్ పెడ్తడు. రోనా హై తో హమారే సామ్నే రో, ఏడ్సుడుంటే మా ముంగట ఏడువు. బయట జేస్తే మనందరి పాస్‌పోర్టుల మీద ఎర్ర ముద్ర కొట్టి దేశం పంపిస్తరు."

"ఇన్నేండ్లు షటర్ ఏసుకొని నవ్వినం తబ్రేజ్. ఏడ్సుడు గూడ షటర్ ఏసుకొనేనా?"

ఇస్రాయేలు గొంతు సవరించుకున్నాడు. "లింబాద్రి గారూ, ఒక మాటండి. మీరు ధైర్యంగా కూర్చుంటారు. సాయంత్రందాకా ఎవ్వరూ రారనుకోండి. అప్పుడు మీ పరిస్థితి ఏంటండి? ఇప్పుడంటే వాళ్లకి అనుమానం. అప్పుడు వాళ్లు తీర్పు ఇచ్చేసినట్టే కదండి."

ఆ మాట లింబాద్రికి లోపల తగిలింది. తను పట్టుపడుతున్నది ఎంత పెద్దదో అప్పుడు కొలత తెలిసింది. ఎవరూ రాకపోతే రఘుపతితో గడిచిన ఏడేళ్లూ, ఆ చెట్టు కింది కౌగిళ్లూ అన్నీ ఎన్నడూ జరగనట్టే అవుతాయి. అయినా, రారేమోనని అడగకుండా ఉంటే జరిగినట్టు అవుతుందా?

"తీర్పు వాళ్లు ఎప్పుడో ఇచ్చిన్రు అయ్యగారూ," అన్నాడు. "నా ముందట నిలబడి ఇయ్యమంటున్న."

పండుగ ఇంకా రెండు రోజులుందనగా భీమన్నే వచ్చాడు. దుకాణం లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడి, సిమెంటు అంటిన చెప్పులను చూసుకుంటూ మాట్లాడాడు.

"జమ్మికాడికి రా లింబన్నా. అందరితోటి అలాయ్ బలాయ్ తీసుకో. సావు నా రూమ్ల ఉన్నది, నాకు పెడుతరు. మనోని దోస్తువని నీకు గూడ పెట్టుమని నేను చెప్త. ఎవడు ఏమనడు, జిమ్మేదారి నాది. ఉన్నది ఉన్నట్టే నడిచిపోతది."

"దోస్తునే భీమన్నా. గని దోస్తు జమ్మికాడికి పోతడు. ఇంటోడు పోడు."

"వాని తల్లి గౌరవ్వ చిన్నమ్మ బతికుంది. ఆమె చెవుల పడితే?"

"గౌరవ్వకు రఘుపతి పోయినంక మూడు ఉత్తరాలు రాయించిన. కొడుకు ఎట్ల నవ్వుతుండెనో, ఏం తింటుండెనో రాయించిన. నువ్వు ఎన్ని రాయించినవ్?"

భీమన్న ముఖం ముడుచుకుంది. "అంటే నన్ను నలుగుర్ల తల వంచుకొమ్మంటవు."

"నిన్ను వంచుకొమ్మంటలేను. నేను వంచుకోనంటున్న."

భీమన్న వెళ్లిపోయాడు. గురువారం కెఫెటీరియాలో ఎవరో చెప్పారు: భీమన్న రూమ్‌లో చాపలు పరిచి చాయ గ్లాసులు తెప్పించారని. జమ్మి అటే పోతుందన్నమాట.

శుక్రవారం నాలుగింటికి, టైర్ల షాపుతో పాటే లింబాద్రి కూడా షటర్ ఎత్తాడు. నిలువునా, చేయి అందినంత ఎత్తు. తెల్ల ధోతి, తెల్ల అంగీ వేసుకున్నాడు. ఇస్త్రీ బల్ల ఖాళీ చేసి, ముందు గది తుడిచి, చాప పరిచి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వీధిలోంచి చూస్తే ఆయన తప్ప ఇంకేమీ కనబడని చోట కూర్చున్నాడు.

మొదట తబ్రేజ్ వచ్చాడు. టోపీ పెట్టుకుని, ఇస్త్రీ మడత చెదరని కుర్తాతో వచ్చాడు. చాప మీద పక్కన కూర్చున్నాడు. లింబాద్రి చూస్తే, "ఏంది? ఇద్దర్ని ఒక్కసారే దేశం పంపిస్తే టికెట్ల జగడం ఉండది," అన్నాడు.

తర్వాత ఇస్రాయేలు. బస్సు పక్కన ఆపి, గుప్పెడు ఆకు తెచ్చాడు. ఎండిన వాగు గట్టున స్వయంగా తెంపానని, ముళ్లు గీరుకుపోయాయని చేతులు చూపించాడు. లింబాద్రి ఆ ఆకు చూసి చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ఇది జమ్మి గాదు అయ్యగారూ. సర్కారు తుమ్మ."

"అయ్యో. ఆకు ఒకేలా ఉందండి మరి."

"మేకలు గూడ తినవు దీన్ని," అన్నాడు తబ్రేజ్.

"తెండ్రి, తెండ్రి. ముండ్లల్ల చెయ్యి పెట్టి తెచ్చిన్రు. బంగారమే." లింబాద్రి లేచి నిలబడి చెయ్యి చాచాడు. ఇస్రాయేలు ఆ చేతిలో ఆకు పెట్టి, "మా రఘుపతి గారి కోసమండి," అని కౌగిలించుకున్నాడు. పెద్ద మనిషి, ఏడిస్తే ఒళ్లంతా కదిలింది.

చెట్టు నుంచి పికప్‌లు తిరిగి వచ్చే వేళకు సురేందర్ కెఫెటీరియా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవడు ఆ గడప తొక్కుతాడో చూడటానికి అక్కడ కూర్చున్నానని దాచుకోలేదు కూడా. పికప్‌లు వచ్చాయి. మనుషులు దిగి, లాండ్రీ వైపు ఒకసారి చూసి, క్యాంపు సందులోకి నడిచారు. ఒకరూ ఆగలేదు.

నీడలు రోడ్డు దాటి అవతలి గోడ ఎక్కాయి. అప్పుడు ఒకడు వచ్చాడు, ఫిట్టరు. గడప లోపల ఒక కాలు పెట్టి, "నా రెండు అంగీలు అయినయా లింబన్నా?" అంటూనే, గుప్పిట్లోని ఆకు బల్ల అంచున పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆయన చోట ఇంకెవరున్నా అది చాలేది. మిగతావాళ్లకు దారి చూపించినట్టూ అయ్యేది: బట్టల కోసం పోయాం, ఆకు అక్కడ పడింది, ఎవరి మాటా పోలేదు. తబ్రేజ్ కళ్లతోనే లింబాద్రిని బతిమాలాడు. తీసేసుకో అని.

లింబాద్రి ఆ ఆకును తాకలేదు.

"అంగీలు రేపు ఇస్త. ఇయ్యాల దుకానం లేదు, ఇది ఇల్లు," అన్నాడు. గొంతు రోడ్డు అవతలిదాకా వినబడింది. "జమ్మి తెస్తే నా చేతుల పెట్టు. ఎవని కొరకు తెచ్చినవో పేరు జెప్పు. లేకుంటే తీస్కపో, తప్పు లేదు."

ఫిట్టరు సురేందర్ వైపు చూశాడు. బల్ల మీది ఆకు చూశాడు. దాన్ని తీసుకుని జేబులో పెట్టుకుని దిగిపోయాడు.

"చూసినవా?" అని అవతలి నుంచి సురేందర్ కేకేశాడు. "ఒక్కడొస్తే వాణ్ణి గూడ ఎల్లగొట్టిండు."

లింబాద్రి కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు. ఇంకొకడు వచ్చాడు, రుస్తాఖ్ సైటులో రఘుపతి పక్కన పలకలు కొట్టినవాడు, సిరిసిల్లవాడు. వాడు బట్టల మాట ఎత్తలేదు. సురేందర్ వైపు చూడలేదు. "రఘన్న కొరకు," అని గబగబా ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని, చాప మీద కూర్చున్నాడు. ఆ తర్వాత వాడి వెనకే వచ్చిన ఇద్దరిలో ఒకడు పేరు చెప్పాడు, ఒకడు చెప్పలేక తల గోక్కుని వెళ్లిపోయాడు.

అప్పుడు సందులోంచి భీమన్న వచ్చాడు.

పలకరింపులు అందుకుంటున్న ఇంటివాడు తన ఇల్లు వదిలి బయటికి రాకూడదు. జమ్మి వచ్చేది ఆయన రూమ్‌కు. చాపలు, చాయ గ్లాసులు అక్కడే ఉన్నాయి. అది వదిలేసి రోడ్డు మీద నడిచి వస్తున్న మనిషిని చూసి సురేందర్ కుర్చీలోంచి లేచాడు.

"భీమన్నా, యాడికి? అందరు నీ రూమ్ల కూసున్నరు."

"కూసోనీ," అన్నాడు భీమన్న.

గడప దగ్గర చెప్పులు విడిచాడు. ఆయన గుప్పిట్లో ఆకు ఉంది. బహుశా తనకు ఎవరో పెట్టినదే. లింబాద్రి ఎదుట నిలబడ్డాడు. చెయ్యి ముందుకు రాలేదు. లింబాద్రి చెయ్యి చాచే ఉంచాడు. బతిమాలలేదు, సాయం చేయలేదు. వీధిలో ఒక బండి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"మా రఘుపతి..." అన్నాడు భీమన్న. ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "మీ రఘుపతి కొరకు."

ఆకు లింబాద్రి అరచేతిలో పెట్టాడు. కౌగిలించుకున్నాడు, అటొకసారి, ఇటొకసారి. వదిలి, చాప మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, చావు ఇంటికి పోయిన పెద్దమనిషి అడిగినట్టే అడిగాడు.

"ఆఖరి దినం నీ కాడనే ఉండె గద. ఏం తిన్నడు?"

ఆ ఎండాకాలం నుంచి ఒక్క మనిషీ లింబాద్రిని ఆ మాట అడగలేదు. ఆయన కూర్చున్నాడు. గొంతు తగ్గించి చెప్పొచ్చు, చాప మీదివాళ్లకు వినబడితే చాలు. తగ్గించలేదు. రోడ్డు అవతల నిలబడి ఉన్న సురేందర్‌కు, కెఫెటీరియాలో గ్లాసులు కడిగేవాళ్లకు, సందు మొదట్లో పోనా వద్దా అని ఆగిన మనుషులకు కూడా వినబడేటట్టు మొదలుపెట్టాడు.

"జొన్న రొట్టె తిన్నడు భీమన్నా. ఎండు చాపలు ఏంచిన. మూడో రొట్టె నేనే మాడగొట్టిన. వచ్చే శుక్రారం నేనే జేస్త, నీకు రొట్టె ముచ్చట తెల్వదన్నడు. అన్నంక గా ఎనుక రూమ్ల పరుపు మీద నా పక్కపొంటి పండుకొన్నడు..."

సందు మొదట్లో ఆగినవాళ్లలో ఒకడు చెప్పులు చేతపట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. లింబాద్రి అటు చూడలేదు. ఆయన ఇంకా శుక్రవారం మధ్యాహ్నం దగ్గరే ఉన్నాడు. చెప్పాల్సింది చాలా ఉంది.